రిపోర్టులో పస్ సెల్స్ అని రాశారు, ఇంట్లో చెప్పలేకపోతున్నాను

తాడిపత్రి దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. ఊరి పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. రాసినాయనకు 32 ఏళ్ళు. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. పెళ్ళయి నాలుగేళ్ళయింది, పిల్లలు లేరు. భార్యకు 27. ఆమె రెండేళ్ళుగా అనంతపురంలో ఒక డాక్టరమ్మ దగ్గర చూపించుకుంటోంది. స్కానింగులు, థైరాయిడ్ పరీక్ష, ట్యూబులకు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే అన్నీ చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. అయినా అండం విడుదల కోసమని నెలనెలా ఐదు రోజులు మాత్రలు మింగుతోంది.

మొన్న సంక్రాంతికి ఈయనకు చలిజ్వరం వచ్చింది. మూత్రంలో మంట, కుడివైపు వృషణం వాచి నడవలేని నొప్పి. ఊళ్ళో ఆర్ఎంపీ మూడు రోజులు సూదులు వేశాడు. జ్వరం తగ్గింది, వాపు దిగింది, కానీ వృషణం వెనకాల శనక్కాయ గింజంత గట్టి ముడి మిగిలిపోయింది. ఉగాదికి రెండు రోజుల ముందు, భార్య డాక్టరు అడగ్గా అడగ్గా, ఒక ల్యాబులో వీర్యపరీక్ష చేయించుకున్నారు. బాత్రూమ్ తలుపు బయట జనం మాట్లాడుకుంటుంటే టెన్షన్‌లో మొదట వచ్చిన భాగం డబ్బాలో పడలేదట. రిపోర్టులో వీర్యం 1.1 మిల్లీలీటర్లు, ఒక్కో మిల్లీలీటరుకు కోటి 40 లక్షల కణాలు, కదలిక 28 శాతం, పస్ సెల్స్ 15–20.

ఆ కాగితాన్ని మడిచి బైకు సీటు కింద టూల్‌కిట్ కవర్లో పెట్టేశారు. ఇంట్లో 'నార్మల్' అని చెప్పారు. తర్వాత మెడికల్ షాపులో అడిగి రెండుసార్లు ఐదేసి రోజులు యాంటీబయాటిక్ వాడారు. లాడ్జిలో కూర్చునే ఒక 'స్పెషలిస్టు' దగ్గర ఆరు వేలు పెట్టి పొడి కొన్నారు. పెళ్ళికి ముందు బెంగళూరులో పనిచేసిన రోజుల్లో ఒకసారి చేసిన తప్పే ఇప్పుడిలా బయటపడిందని ఆయన భయం. "నా పెండ్లాన్ని మాయమ్మ శనివారం శనివారం కసాపురం పిల్చకపోతాంది. నేను నోరిప్పలేకపోతాండా మేడమ్" అని రాశారు. కసాపురంలో ఉన్నది ఆంజనేయస్వామి గుడి. ఆయన అడిగినవి మూడు: నాకు పిల్లలు పుడతారా? ఇది సుఖవ్యాధేనా? ఆమెకు చెప్పాలా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నా చూపు నిలిచింది రిపోర్టు అంకెల మీద కాదు, తేదీల మీద. సంక్రాంతికి జ్వరం, ఉగాదికి పరీక్ష. మధ్యలో గడిచింది రెండు నెలల చిల్లర. మీకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పని సంగతి ఇందులోనే ఉంది.

వీర్యకణం ఒక్కరోజులో తయారయ్యేది కాదు. వృషణంలో మొదలై పూర్తి రూపానికి రావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత వృషణం వెనకాల ఎపిడిడిమిస్ అనే సన్నటి గొట్టంలో ఇంకో పది పన్నెండు రోజులు నడిచి, అక్కడే ఈదడం నేర్చుకుంటుంది. మొత్తం మీద మూడు నెలల పని. అంటే ఉగాదికి మీరు డబ్బాలో ఇచ్చిన కణాలు సంక్రాంతి జ్వరంలో మీ ఒళ్ళు కాలిపోతున్నప్పుడు, వృషణం వాచి ఉన్నప్పుడు తయారవుతున్నవే. ఒళ్ళు వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండాలనే వృషణాలు కడుపు బయట వేలాడుతుంటాయి. గట్టి జ్వరం ఒక్కటి వచ్చినా, ఏ ఇన్ఫెక్షనూ లేకపోయినా, రెండు మూడు నెలలు కౌంట్ పడిపోవడం మామూలే. మీ సీటు కింద ఉన్న కాగితం సంక్రాంతినాటి మనిషిది. మీరు ఉత్తరం రాసింది ఆషాఢంలో. ఈ మనిషికి ఇంకా పరీక్షే జరగలేదు.

పైగా ఆ శాంపిల్ కూడా పూర్తిది కాదు. వీర్యంలో మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువగా ఉంటాయి. మీకు బయట పడిపోయింది అదే. 1.1 మిల్లీలీటర్లంటే తక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు 1.4. మిల్లీలీటరుకు కణాలు కోటి 60 లక్షలు, మొత్తం కదలిక 42 శాతం. మీ అంకెలు మూడూ దాని కింద ఉన్నాయి, కాదనను. కానీ ఆ హద్దు ఎలా గీశారో తెలుసుకోండి. ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్ళ అంకెలు తీసుకుని, అందులో అట్టడుగు ఐదు శాతం దగ్గర గీత గీశారు. ఆ గీత కింద ఉండి కూడా తండ్రులైనవాళ్ళు నూటికి ఐదుగురు ఆ లెక్కలోనే ఉన్నారు. అది పాస్ మార్కు కాదు. అందుకే ఒక్క పరీక్ష బాగా లేకపోతే రెండోది చేయకుండా ఏ మంచి డాక్టరూ తీర్పు చెప్పడు.

ఇక పస్ సెల్స్. ఆ మాటకు 'చీము కణాలు' అని అర్థం చెప్పుకుని లోపలంతా కుళ్ళిపోయిందని మీరు భయపడ్డారు. మైక్రోస్కోప్ కింద గుండ్రంగా కనిపించే కణాలు రెండు రకాలు. ఒకటి తెల్లరక్తకణాలు. రెండోది ఇంకా పూర్తిగా ఎదగని వీర్యకణాలు, అవీ గుండ్రంగానే ఉంటాయి. మామూలుగా చూస్తే రెంటికీ తేడా తెలియదు. చాలా చిన్న ల్యాబుల్లో గుండ్రంగా కనిపించినదల్లా పస్ సెల్ అని రాసేస్తారు. పెరాక్సిడేజ్ అనే రంగు పరీక్ష చేస్తే తెల్లరక్తకణాలు గోధుమ రంగుకు తిరుగుతాయి, మిగతావి తిరగవు. అలా లెక్కపెట్టాక మిల్లీలీటరుకు పది లక్షలు దాటితేనే ఎక్కువ అంటాం. 15–20 అని రాసిన మీ కాగితంలో ఆ పరీక్ష ఊసే లేదు.

సరే, అవి నిజంగానే తెల్లరక్తకణాలు అనుకుందాం. మీకు వచ్చిన జ్వరాన్ని, వాపును బట్టి చూస్తే కొన్నయినా అవే అయ్యుంటాయని నేనూ అనుకుంటున్నాను. అవి చేసే నష్టం ఏమిటో మీ ప్రాంతం మనిషికి చెప్పడం తేలిక. శనక్కాయలు వలిచి నెలల తరబడి ఉంచితే నూనె పాడై పాత వాసన కొడతాయి కదా, అది గాలిలోని ఆక్సిజన్ నూనెను తినడం. వీర్యకణం పైపొర కూడా అలాంటి సున్నితమైన కొవ్వులతోనే తయారైంది. తెల్లరక్తకణాలు క్రిములను చంపడానికి ఘాటైన ఆక్సిజన్ రసాయనాలను వదులుతాయి. క్రిములతో పాటు పక్కనున్న వీర్యకణాలూ వాటి బారిన పడతాయి. పైపొర గట్టిపడుతుంది, తోక కదలిక మందగిస్తుంది, తలలోని డీఎన్ఏ కూడా చిట్లవచ్చు. మిగతా కణాలకు ఇలాంటి దెబ్బను కాచుకునే సరుకు లోపల ఉంటుంది. వీర్యకణం ఈదడానికి తేలిగ్గా ఉండాలి కాబట్టి ఆ సరుకంతా వదిలేసుకుని వస్తుంది. ఇక ప్రోస్టేట్ గ్రంథికి వాపు వస్తే, వీర్యంలోని ద్రవంలో కొంత ఆ గ్రంథి నుంచే వస్తుంది కాబట్టి, చిక్కదనమూ మారిపోతుంది. మీ 28 శాతం కదలిక వెనక ఇవన్నీ ఉండొచ్చు.

నాకు అంతకంటే ఆదుర్దా ఆ శనక్కాయ గింజంత ముడి గురించి. ఇందాక చెప్పిన ఎపిడిడిమిస్ గొట్టాన్ని విప్పి చాపితే సుమారు ఆరు మీటర్లు, ఒక చీర పొడవు. అంత గొట్టం మడతలు మడతలుగా వేలెడంత జాగాలో ఇమిడి ఉంటుంది. దానికి ఇన్ఫెక్షన్ వచ్చి సరిగా మానకపోతే ఎక్కడో ఒకచోట మచ్చ కట్టి దారి మూసుకుపోవచ్చు. మీకు సంక్రాంతికి వచ్చింది అదేనని లక్షణాలు చెబుతున్నాయి. దానికి మందు మూడు రోజులు చాలదు, కనీసం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు వాడాలి. ఆర్ఎంపీ మిమ్మల్ని ఆరోజు నిలబెట్టాడు, కాదనను, కానీ పని సగంలో ఆగిపోయింది. ఊరట ఏమిటంటే, మీకు రెండో వైపు ఉంది. రిపోర్టులో కణాలు కనబడుతున్నాయంటే కనీసం ఒక్క దారైనా తెరిచే ఉంది. ఒక్క వైపుతోనే తండ్రులైనవాళ్ళు ఎంతోమంది.

అయినా ఆ ముడిని స్కానింగ్‌లో చూపించుకోవాలి, ఇది వాయిదా వేయొద్దు. నెలల తరబడి కరగని ముడి పాత మచ్చ కావచ్చు. మన దగ్గర క్షయ కూడా ఎపిడిడిమిస్‌లో ఇలాగే ముడిగా కూర్చుంటుంది. మామూలు యాంటీబయాటిక్స్‌కు అది లొంగదు, దానికి వేరే పరీక్ష, వేరే మందు. ముడి గొట్టంలో కాక వృషణంలోనే ఉంటే గడ్డేమోనని కూడా చూడాలి. ఎడమవైపు ఉబ్బిన నరాలు, అంటే వేరికోసీల్, ఉన్నాయేమో కూడా అదే స్కానింగ్‌లో తెలుస్తుంది. ఎప్పుడైనా ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. వృషణం మెలిక పడితే కాపాడుకోవడానికి గంటల వ్యవధే ఉంటుంది.

తాడిపత్రిలో మళ్ళీ ల్యాబు గడప తొక్కలేనని రాశారు, ఎవరో ఒకరు గుర్తుపడతారని. అర్థమైంది. అనంతపురం వెళ్ళండి. యూరాలజీ డాక్టరు అక్కడ దొరకడం కష్టమైతే కర్నూలు సర్వజన ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. పరీక్షకు వెళ్ళేటప్పుడు కలయిక ఆపి రెండు రోజులకు తగ్గకుండా, ఏడు రోజులకు మించకుండా చూసుకోండి. ఎన్ని రోజులు ఆపారో కాగితం మీద రాయించండి, తర్వాతి పరీక్షకూ అన్నే రోజులు ఆపండి. ఇంట్లో తీసుకుని గంటలోపు ల్యాబుకు చేర్చగలిగితే ఇంట్లోనే మేలు. తాడిపత్రి నుంచి అనంతపురం అంటే ఆ గంట సరిపోదు కాబట్టి ఆ ఊళ్ళో బంధువుల ఇంట్లోనో, గది తీసుకునో ఇవ్వండి. డబ్బాను చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనించి తీసుకెళ్ళండి. సబ్బు, నూనె, మామూలు కండోమ్ ఏదీ తగలకూడదు. మొదటి చుక్కతో సహా అంతా డబ్బాలో పడాలి, పడకపోతే పడలేదని చెప్పండి, అందులో నామోషీ ఏమీ లేదు. కల్చర్, అంటే వీర్యంలో ఏ క్రిమి ఉందో ల్యాబులో పెంచి చూసే పరీక్ష, చేయించాలంటే అంతకు ముందు కనీసం రెండు వారాలు ఏ యాంటీబయాటిక్ ముట్టకుండా ఉండాలి. మీరు షాపులో కొన్న ఐదేసి రోజుల కోర్సులు చేసిన చెరుపు ఇదే. క్రిమిని చంపేంత కాలం వాడరు, పరీక్షలో దొరికేంత బలం దానికి మిగల్చరు.

కల్చర్‌లో ఏమీ దొరక్కపోయినా ఆశ్చర్యపోవద్దు. తెల్లకణాలు ఎక్కువున్న చాలామందిలో ఏ క్రిమీ దొరకదు. సిగరెట్ వల్ల, పాత వాపు వల్ల కూడా అవి పెరగొచ్చు. కాబట్టి పస్ సెల్స్ కనబడగానే యాంటీబయాటిక్ అనే లెక్క నాకు నచ్చదు. ఒక నిజం కూడా చెప్పాలి: ఇన్ఫెక్షన్ తేలి సరైన మందు వాడితే క్రిములు పోతాయి, వీర్యం నాణ్యత చాలాసార్లు మెరుగుపడుతుంది. కానీ దానివల్ల గర్భం వచ్చే అవకాశం ఖాయంగా పెరుగుతుందని ఇంతవరకు గట్టి రుజువు లేదు. ఎవరైనా 'ఈ కోర్సు వాడితే మూడు నెలల్లో శుభవార్త' అంటే నమ్మకండి.

లాడ్జి పొడి ఈరోజే ఆపేయండి. అందులో ఏం కలిపారో అమ్మినవాడికీ తెలియదు. మగతనం సూది అని ఎవరైనా టెస్టోస్టిరాన్ ఇస్తానంటే అసలే వద్దు, అది వేసుకుంటే వృషణాలు వీర్యకణాలు చేయడమే మానేస్తాయి. ఎండాకాలం పనిలో నీళ్ళు బాగా తాగండి, మూత్రం బిగబట్టొద్దు. గుట్కా, సిగరెట్ ఉంటే మానండి.

రెండో ప్రశ్న, ఇది సుఖవ్యాధేనా అని. కావచ్చు, కాకపోవచ్చు, కాగితం చూసి ఎవరూ చెప్పలేరు. మూత్రంలో మంటతో మొదలయ్యే ఈ ఇన్ఫెక్షన్ పేగుల్లో మామూలుగా ఉండే ఈ.కోలై అనే క్రిమి వల్ల కూడా వస్తుంది, ఏ తప్పూ చేయనివాళ్ళకూ వస్తుంది. 35 ఏళ్ళ లోపు వాళ్ళలో క్లమీడియా, గనేరియా కారణం కావడమూ ఎక్కువే. క్లమీడియాతో చిక్కేమిటంటే అది ఏళ్ళ తరబడి ఏ బాధా పెట్టకుండా ఉండగలదు. ఉదయం మొదట పోసే మూత్రంతో పీసీఆర్ పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది. సుఖవ్యాధులకు సలహా, మందు అక్కడ ఉచితం, వివరాలు గుట్టుగా ఉంచుతారు. హెచ్ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్షలు కూడా అప్పుడే చేయించుకోండి. బెంగళూరు సంగతి మనసులో పెట్టుకుని ఇన్నేళ్ళు కుమిలిపోయే బదులు ఒక్క ఉదయం పరీక్షతో తేల్చుకోవచ్చు.

ఇప్పుడు మూడోది. ఇక్కడ నేను మీకు ఆజ్ఞ వేయను, కానీ ఏ దారిలో ఏముందో చెబుతాను.

చెప్పకుండా ఇలాగే ఉండిపోవచ్చు. అప్పుడు ఆమె వచ్చే నెల కూడా మాత్రలు మింగుతుంది. మీరు గమనించారో లేదో, మీరు 'నార్మల్' అన్న మాట మీ ఇంట్లోనే ఆగలేదు, ఆమె డాక్టరు దగ్గరికీ వెళ్ళింది. ఆ డాక్టరమ్మ సగం సమాచారంతో వైద్యం చేస్తోంది. మీ రిపోర్టు ఆమె టేబుల్ మీద ఉంటే ఆ మాత్రలు అవసరమో కాదో వేరేగా ఆలోచించేది. ట్యూబుల ఎక్స్‌రే నొప్పి మీ భార్య ఒకసారి భరించింది, ఇంకో పరీక్ష అంటే మళ్ళీ భరిస్తుంది. కసాపురం మెట్ల మీద ఆమె మొక్కుకుంటున్నది తన లోపం తీరాలని. ఆమెలో లోపం ఉందని ఒక్క పరీక్షా చెప్పలేదు. ఈ దారి నాకు అన్యాయంగా కనిపిస్తోంది, మీకూ అనిపించబట్టే ఉత్తరం రాశారు.

రెండోది, ముందు మీరొక్కరే అనంతపురం వెళ్ళి పరీక్షలన్నీ చేయించుకుని, కొత్త రిపోర్టు చేతికి వచ్చాక పాతదీ కొత్తదీ కలిపి ఆమె ముందు పెట్టడం. మీకు ధైర్యం కావాలంటే ఇది మంచిదే. కానీ గడువు పెట్టుకోండి, రెండు వారాలు. అది దాటితే ఇదీ మొదటి దారిలోకే జారిపోతుంది. ఈలోగా, సుఖవ్యాధి కాదని తేలేదాకా, కండోమ్ వాడండి. ఎందుకని అడుగుతుంది. అడిగితే మళ్ళీ అబద్ధం ఆడాల్సివస్తుంది, ఈ దారిలో కష్టం అదే.

మూడోది, రిపోర్టు సంగతి ఇప్పుడే చెప్పి, పరీక్షలకు ఇద్దరూ వెళ్ళడం. కోపం వస్తుంది. నాలుగు నెలలు దాచినందుకు ఏడవచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అయితే శాంపిల్ ఇచ్చేటప్పుడు టెన్షన్ తగ్గుతుంది, ఆ బాత్రూమ్ అవస్థ మళ్ళీ ఉండదు. నన్నడిగితే ఇదే మేలంటాను.

బెంగళూరు మాట వేరు. మూత్రపరీక్షలో, రక్తపరీక్షల్లో ఏమీ లేదని తేలితే, పెళ్ళికి ముందటి ఆ ఒక్కరోజు గురించి ఆమెకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇద్దరి దాంపత్యానికి సంబంధించిన నిర్ణయం, నేను చొరబడను. ఏదైనా ఉందని తేలితే మాత్రం దాచే హక్కు మీకు లేదు. క్లమీడియా ఆమెకు అంటి ఉంటే చప్పుడు లేకుండా ట్యూబులను మూసేస్తుంది. ఎక్స్‌రే బాగుందంటే ఆ నష్టం ఇంకా జరగలేదనే ఆశ ఉంది, అందుకే ఆలస్యం చేయకూడదు. ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి మళ్ళీ తిరుగుతూనే ఉంటుంది. ఆ మాట చెప్పడం కష్టమైతే డాక్టరు ఎదుట చెప్పండి, సురక్ష క్లినిక్‌లో కౌన్సెలర్ ఉంటారు, సాయం చేస్తారు.

మొదటి ప్రశ్నకు చివర్లో వచ్చాను. మీకు పిల్లలు పుట్టే అవకాశం బాగానే ఉందని నా నమ్మకం. ఆమెకు 27, ట్యూబులు బాగున్నాయి, మీకు కణాలు ఉన్నాయి. కొత్త రిపోర్టు మెరుగ్గా వస్తే కొన్ని నెలలు మామూలుగానే ప్రయత్నించవచ్చు. వాపు ఇంకా ఉంటే యూరాలజీ డాక్టరు వైద్యం చేశాక, మూడు నెలలు ఆగి మళ్ళీ పరీక్ష. అంతకు ముందే చేస్తే పాత కణాలే కనిపిస్తాయి. అప్పటికీ కదలిక పెరగకపోతే వీర్యాన్ని కడిగి, చురుకైన కణాలను వేరుచేసి గర్భసంచిలోకి పంపే ఐయూఐ ఉంది. ల్యాబులో అండాన్ని, వీర్యకణాన్ని కలిపే ఐవీఎఫ్, ఇక్సీ ఆ తర్వాతి మాట, ఇప్పుడే వాటి కోసం అప్పు చేయొద్దు. ఎప్పుడైనా ఆ దారికి వెళ్తే ఇలాంటి సంతాన వైద్యం కోసం తెచ్చిన 2021 చట్టం కింద రిజిస్టరైన క్లినిక్ అవునో కాదో ముందు అడగండి.

ఈ శనివారం మీ అమ్మగారిని ఇంట్లో ఉండమని చెప్పి, కసాపురం మీరే తీసుకెళ్ళండి. ఆ కాగితం సీటు కిందే ఉంది కదా, మీతో పాటే వస్తుంది. తిరుగు ప్రయాణంలో గుత్తి దగ్గర టీకి ఆగినప్పుడు బయటికి తీయండి. ఆమె మొదట అంకెలు చూస్తుంది. మీరు వేలు పెట్టి తేదీ చూపించండి.